ఇంటికో వేషం

మా నాటక సమాజంలో సభ్యత్వం తీసుకుంటే ఏమేం దొరుకుతాయో కాగితం మీద పెట్టే పని చాలా ఏళ్ళుగా నాదే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆఫీసు సర్క్యులర్లు టైపు చేసిన చెయ్యి కదా, రిటైరయినా వదల్లేదు. సీజన్ మొదలయ్యే ముందు పోర్ట్ బ్లెయిర్ డెలానీపూర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని ఆ నోటీసు ఒకసారి తెలుగు అక్షరాల్లో, ఒకసారి హిందీ అక్షరాల్లో రాస్తాను. భాష మాత్రం రెండింట్లోనూ తెలుగే. హిందీ బడుల్లో చదివిన మా సమాజం పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గాని చదవమంటే కళ్ళజోడు మర్చిపోయామంటారు. పాతికేళ్ళకే కళ్ళజోడేమిటని నేనూ అడగను, వాళ్ళూ చెప్పరు.

సభ్యులకి ముందు వరసల్లో కుర్చీలు. మధ్యలో టీ, పకోడీ. ఇంట్లో పెళ్ళయినా పేరంటమయినా సమాజం వారి మైకు, రంగు బల్బులు, తెరలు ఊరికే తీసుకెళ్ళచ్చు. పెళ్ళికి తెరెందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. ఒకాయన కూతురి పెళ్ళిలో వంటవాళ్ళు కనబడకుండా మా రాజదర్బారు తెర అడ్డం కట్టాడు. దాని మీద పడ్డ సాంబారు మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు. అప్పటి నుంచి రాజుగారి సింహాసనం సరిగ్గా ఆ మరకకి ముందే వేస్తున్నాం.

వీటన్నిటి కోసం ఎవరూ సభ్యత్వం తీసుకోరు. అసలు సంగతి నోటీసులో చివరన ఉంటుంది. సభ్యత్వం ఉన్న ప్రతి ఇంటికీ సీజన్లో ఒక వేషం. ఇంట్లో ఎవరో ఒకరు, సీజన్లో ఏదో ఒక నాటకంలో, ఒక్కసారైనా స్టేజి ఎక్కాలి. అది వాళ్ళ హక్కు. నటులు దొరకని రోజుల్లో పెద్దవాళ్ళు పెట్టిన నియమం ఇది. స్త్రీ పాత్రలకి మెయిన్‌లాండ్ నుంచి ఓడలో మనుషుల్ని రప్పించాల్సి వచ్చేదట. ఓడ ఆలస్యమైతే నాటకమే వాయిదా. ఇంటికో మనిషిని లాగితే ఆ బాధ ఉండదనుకున్నారు. బాధ పోయింది, జనం మిగిలారు. ఒకసారి మా స్వయంవరం సీన్లో రాజులు ఎంతమంది వచ్చారంటే రాకుమారి దండ పట్టుకుని మధ్యలో ఇరుక్కుపోయింది.

ఈసారి సీజన్‌కి మూడు నాటకాలు అనుకున్నాం. మొదటిది నవ్వుల నాటిక, ఒకే గదిని ఇద్దరికి అద్దెకిచ్చి దొరికిపోయిన ముసలాయన కథ. రెండోది పౌరాణికం. అది లేకపోతే మా పెద్దవాళ్ళు ఒప్పుకోరు. కిరీటం పెట్టుకోని నాటకం వాళ్ళ దృష్టిలో నాటకమే కాదు. మూడోది నాది.

నాది అని రాస్తుంటే కొంచెం సిగ్గుగానూ, ఎక్కువ గర్వంగానూ ఉంది. ఇన్నేళ్ళూ తెర పక్కన నిలబడి అందరికీ మాటలు అందించాను గాని ఒక్క మాట సొంతంగా రాయలేదు. రాసింది ఇదొక్కటే. మాయాబందర్‌లో ఒక ఇల్లు. తల్లీ కూతురూ, ఇద్దరే. పై చదువుకి కూతురు ఆ మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ పడవ ఎక్కాలి. తల్లి ట్రంకు పెట్టెలో ఎండు నెత్తళ్ళ మూట పెడుతుంది. హాస్టల్లో కంపు కొడుతుంది, అందరూ నవ్వుతారు, నాకు నామోషీ అని కూతురు తీసి గడప మీద పెడుతుంది. తల్లి మళ్ళీ పెడుతుంది. మాటా మాటా పెరుగుతుంది. కూతురు వెళ్ళిపోతుంది. తల్లి జెట్టీకి రాదు. తెర పడుతుంది.

ఆ కూతురు నేనే. అమ్మ నిజంగానే జెట్టీకి రాలేదు.

ఇప్పటివాళ్ళకి అది పెద్ద విషయం అనిపించదు. అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పటిలా రోడ్డు లేదు, పడవే దిక్కు. పడవ బయల్దేరే రోజు మాయాబందర్‌లో సగం ఊరు తల దువ్వుకుని, పెట్టెలో దాచుకున్న బట్టలు తీసి కట్టుకుని జెట్టీ మీదకి వచ్చేది. ఎవరూ లేని మనిషికి కూడా పదిమంది చెయ్యి ఊపేవారు. నా కోసం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తమ్ముళ్ళు వచ్చారు. బడి మాస్టారు వచ్చారు. అమ్మ రాలేదు. పడవ మలుపు తిరిగేదాకా ఆ జనంలో వెతుకుతూనే ఉన్నాను. గుప్పెడు ఎండు చేపల కోసం ఇంత కోపమా అని నాకూ కోపం వచ్చింది.

ఆ తరువాత సెలవులకి వెళ్ళాను. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. నా రెండు పురుళ్ళకీ అమ్మే వచ్చి చేసింది. జెట్టీకి ఎందుకు రాలేదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు ఆమె లేదు. అందుకే నాటకం రాశాను. అమ్మనీ నన్నూ ఆ గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి, నన్ను అలా ఎందుకు పంపించావని నలుగురి ముందూ ఒక్కసారి అడగాలి. ఈ సీజన్లో నాకు కావలసింది అంతే. అందులో ఇంకెవరి పనీ లేదు.

చిక్కు పౌరాణికం వైపు నుంచి వచ్చింది. వానాకాలం చివర్లో మా కార్యదర్శి డ్రెస్సుల పెట్టె తెరిచి చూస్తే లోపల ఏమీ మిగల్లేదు. ఈ దీవుల్లో తేమ దేన్నీ వదలదు. వెల్వెట్టు మీద బూజు మందంగా పట్టింది. జరీ పచ్చబడింది. కిరీటాల అట్ట చేత్తో పట్టుకుంటే ముద్దలా ఊడి వచ్చింది. కొత్తవి మెయిన్‌లాండ్‌లో కుట్టించి ఓడలో తెప్పించేసరికి సీజన్ దాటిపోతుంది. పౌరాణికం మానేయక తప్పలేదు. దాంతో కొలువు పోయిన సైనికులూ, చెలికత్తెలూ, సామంత రాజులూ అందరూ వచ్చి నా నాటకం మీద పడ్డారు.

మిడిల్ పాయింట్‌లో ఒక దుకాణం మేడ మీద మా రిహార్సల్ గది. రేకుల కప్పు. మా నటుల్లో చాలామంది చేపల వేటకి వెళ్ళేవాళ్ళు. సముద్రం బాగుంటే రారు. సముద్రం బాగులేనప్పుడు వస్తారు, వాళ్ళతోపాటు వానా వస్తుంది. రేకుల మీద వాన పడుతుంటే పక్క మనిషి మాట వినపడదు. కాబట్టి మా సమాజంలో ప్రేమ సన్నివేశాలు కూడా అరుస్తూనే రిహార్సల్ చేస్తాం. ఆ రోజు కార్యదర్శీ నేనూ పోట్లాడుకున్నది కూడా అలాగే, గొంతు చించుకుని. ఆయన హార్బర్‌లో పనిచేసి రిటైరయిన మనిషి, నన్ను అక్కా అంటాడు, నాకంటే పెద్దవాడే.

"సమ్‌ఝో అక్కా! రూల్ అంటే రూల్. ఇంటికో వేషం. నీ నాటకంలో ఇద్దరే ఉంటే మిగతా మెంబర్లకి నేనేం జవాబ్ ఇవ్వాలి?"

"నా అమ్మా నేనూ మాట్లాడుకుంటుంటే మధ్యలో మీ మెంబర్లకేం పని?"

"అరే, ఊరంతా జెట్టీకి వచ్చిందని నువ్వే గదా చెప్పావు. జెట్టీ సీన్ పెట్టు. అందరూ ఎక్కేస్తారు. బస్, ఖతమ్."

నా నాటకం నాకిచ్చెయ్యి, వెళ్ళిపోతానన్నాను. తీస్కెళ్ళు అక్కా, కాని సీజన్లో ఒకే నాటకం అని నోటీసు కూడా నువ్వే రాసివ్వు అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది, గొంతు పెంచుతాడు గాని కోపం రాదు. ఇంటికి వచ్చి పప్పు మాడ్చాను, ఎదురు మాట్లాడని ఇంటాయన మీద అరిచాను, రెండు రోజులు కాగితాలు ముట్టుకోలేదు. మూడో రోజుకి ఒకటి తట్టింది. అమ్మ తప్ప ఊరంతా స్టేజి మీద ఉంటే, అమ్మ రాకపోవడం ఇంకా బాగా తెలుస్తుంది కదా. కోపం వచ్చిన మనిషికి ఇలాంటి ఆలోచనలు తొందరగా వస్తాయి. కూర్చుని జెట్టీ సీను రాసేశాను. టీ అమ్మేవాడు, తాడు విప్పే ఖలాసీ, మేకని పడవెక్కించాలని చూసే మనిషి, మాస్టారు, చంటిపిల్లల తల్లులు. సామంత రాజులందరికీ చోటు దొరికింది.

అప్పుడే పిన్ని రిహార్సల్ గదికి వచ్చింది. సొంత పిన్ని కాదు. మాయాబందర్‌లో మా గోడా వాళ్ళ గోడా ఒకటే, అమ్మకి చెల్లెలి కంటే ఎక్కువ. కొడుకు డింగీ పడవ మీద వేటకి పోతాడు. ఇప్పుడు వాళ్ళు ఈ ఊళ్ళోనే, జంగ్లీఘాట్‌లో ఉంటున్నారు. ఈ ఏడాదే సభ్యత్వం తీసుకున్నారు.

"ఏటే పిల్లా, మా ఇంటికి ఏసం నేదేటి?" అంది మెట్లెక్కిన ఆయాసంతోనే.

"మీ అబ్బాయికి ఇచ్చాను పిన్నీ, ఖలాసీ వేషం."

"ఆడికెక్కడ తీరుతాది? కోడలికి సిగ్గు. నానేస్తాను."

ఎనభై దగ్గర పడుతున్న మనిషి. మాటలున్న వేషం ఇస్తే మర్చిపోతుందని భయపడి, గంప నెత్తిన పెట్టుకుని జెట్టీ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి నడిస్తే చాలన్నాను. ఎగాదిగా చూసింది గాని సరేనంది.

తల్లి వేషం ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే అమ్మాయిది. నా వయసుకి ఆంటీ అనాలి, దీదీ అంటుంది, నేనూ దిద్దలేదు. ఆమెకి తెలుగు చదవడం రాదు. పాత్ర మొత్తం హిందీ అక్షరాల్లో రాసిచ్చాను. చెవి మంచిది, ఒకసారి చెప్తే చాలు, యాసతో సహా పట్టేస్తుంది. కూతురు వేషం కార్యదర్శి మనవరాలిది. మొదటిసారి జెట్టీ సీను నడిపించిన ఆదివారం మధ్యాహ్నం గదిలో కాలు పెట్టడానికి సందు లేదు. మేక తప్ప అందరూ వచ్చారు. స్టేజి అనుకున్న చోట ఒక మూల జెట్టీ, ఇంకో మూల ఇల్లు. జెట్టీ మీద ఊరంతా చేతులు ఊపుతుంటే, ఇంట్లో తల్లి మొహం అటు తిప్పుకుని బిగుసుకుని నిలబడాలి. అమ్మాయి ఎంత చేసినా నాకు చాలలేదు.

"ఇంకా కోపం కావాలి. కూతురు వెళ్ళిపోతున్నా సరే, తిరిగి చూడనంత కోపం."

ఖలాసీ తాడు విప్పాడు, తల్లులు కొంగులు సర్దుకున్నారు, పిన్ని మాత్రం గంపతో అక్కడే నిలబడిపోయింది.

"నడవ్వేం పిన్నీ?"

"ఎలగ నడిచీది? ఆ రోజు నాను జెట్టీకి రానేదు గదా."

అందరూ నవ్వారు. కార్యదర్శి, "అరే మౌసీ, ఇది నాటకం!" అన్నాడు.

"నాటకమైతే మట్టుకు? డిగ్లీపూర్‌లో ఉన్నదాన్ని మాయాబందర్ జెట్టీ మీద నిలబెట్టీస్తారేటి?" గంప దించింది. అప్పుడు నర్సు వైపు చూసింది. "ఆ పిల్లేటి, మొకం అలగ తిప్పీసుకుని నిలబడ్డాది?"

"అమ్మకి కోపం పిన్నీ. ఎండు చేపలు తీసేశానని. అందుకే జెట్టీకి రాలేదు."

"కోపమా? మీ యమ్మకా?" పిన్ని నా మొహంలోకి చూసింది. నేను తమాషాకి అంటున్నాననుకుంది. తరువాత కాదని తెలిసింది. "సీర నేక రానేదే పిల్లా."

గదిలో అందరూ ఉన్నారు. వాన కూడా లేదు, ప్రతి మాటా వినబడింది.

అమ్మకి బయటికి కట్టుకెళ్ళే చీర ఒక్కటే ఉండేది. ఆకుపచ్చది, పసుపు అంచుది. నాకూ గుర్తుంది. తన తమ్ముడి భార్య సీమంతానికి చిన్న పడవ మీద డిగ్లీపూర్ వెళ్తూ పిన్ని దాన్ని అడిగి కట్టుకెళ్ళింది. మర్నాడే తిరిగి రావాలి. గాలి లేచింది, చిన్న పడవలు తియ్యలేదు. నా పెద్ద పడవకి ఆ గాలి అడ్డం కాలేదు, అది బయల్దేరింది. పిన్ని వచ్చేసరికి నేను వెళ్ళిపోయాను.

"ఇంట్లో కట్టుకునే చీరతో రావచ్చు కదా? ఎవరు వద్దన్నారు?" అన్నాను.

"అతుకులేసిన సీరతోనా? జెట్టీకా? మీ మాస్టారొస్తారు, నీ నేస్తాలొస్తారు. ఎండు సేపకే నామోసీ అన్నావట నువ్వు. మరి నా సీర సూస్తే పిల్ల ఏటైపోద్దో అందమ్మా నాతోటి."

"నాకు చెప్పచ్చుగా తరవాతైనా! ఇన్నేళ్ళు! నువ్వైనా చెప్పచ్చుగా!"

"సెప్పొద్దంది. మీ అయ్యకీ తెలుసు, ఆయన్నీ సెప్పొద్దంది. నీ నోరు మీ యమ్మకి తెలీదేటి? తెలిస్తే మా గుమ్మం మీదకొచ్చి నన్ను ఉతికి ఆరేసీదానివి. నువ్వా ఎల్లిపోయీదానివి. ఆమికి పక్కనుండీది నానే గదా."

నేను మంచిదాన్నయితే అక్కడ పిన్నిని కావలించుకోవాలి. అలా చెయ్యలేదు. అరిచాను. చీర కోసం సిగ్గు లేదా అన్నాను, సీమంతానికి పాత చీర కట్టుకుంటే నీ సొమ్మేం పోయేదన్నాను, తెలుగు చాలక హిందీలో కూడా అన్నాను. అమ్మ ఏది జరగకూడదనుకుందో అదే, ఇన్నేళ్ళు ఆలస్యంగా, మిడిల్ పాయింట్‌లో, సభ్యులందరి ముందూ జరిగింది. పిన్ని గంప మీద చెయ్యి వేసుకుని అంతా విన్నది. నా ఊపిరి అయిపోయాక, "అను. మీ యమ్మ బాగానే ఎరుగును నిన్ను," అంది. ఆ గొంతులో వెటకారం లేదు, తప్పు చేసిన బెరుకూ లేదు.

కార్యదర్శి ఎవరూ అడగకుండానే టీ తెప్పించాడు. నేను బయటికి వచ్చి మేడ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కింద దుకాణానికి వచ్చినవాళ్ళు చూశారు, చూడనీ అనుకున్నాను. అమ్మ కోపాన్ని నేను ఎంత జాగ్రత్తగా దాచుకున్నానో అప్పుడు తెలిసింది. నాటకం నిండా అదే ఉంది. మొహం తిప్పుకున్న ఆ మనిషి మా అమ్మ కాదు. కోపిష్టిదని నేను అనుకున్నా ఫరవాలేదు గాని, పక్కింటి మనిషితో నేను పోట్లాడి పోతే తను ఒంటరిదైపోతుందని లెక్క చూసుకున్న ఆవిడ మా అమ్మ. లేనిదాని కూతురని నలుగురూ నన్ను చూడకూడదనుకున్నది కూడా ఆవిడే. ఆ మూట నేను గడప మీద పెట్టినప్పుడు ఆమె ఏమనుకుందో నాటకంలో ఒక్క ముక్క లేదు, ఎందుకంటే నాకు తెలియదు.

లోపలికి వెళ్ళేసరికి అందరూ టీ గ్లాసులతో నన్ను చూడనట్టు నటిస్తున్నారు. మా సమాజంలో ఎవరూ అంత బాగా నటించగా నేను చూడలేదు. పిన్ని నా కోసం ఒక గ్లాసు పక్కన పెట్టి ఉంచింది. తీసుకున్నాను. టీ చల్లారిపోయి మీగడ కట్టింది, అలాగే తాగాను.

నాటకం మార్చక తప్పలేదు. ముందు పిన్ని వేషం మారింది. ఇప్పుడామె గంపతో నడవదు, నాటకం మొదట్లో చీర అడగడానికి వచ్చే పక్కింటి మనిషి. "అందరి ముందర నన్ను సీర అడిగించీస్తావేటి?" అని కాసేపు గొణిగి, ఆకుపచ్చ చీర తనే కొని తెస్తానంది. సీజన్ నోటీసు కూడా మళ్ళీ రాశాను. నటులు ఇద్దరు అన్న చోట ఊరంతా అని మార్చాను. కార్యదర్శి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు, అదే ఆయన గెలుపు.

నర్సు అమ్మాయి తన కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. హిందీ అక్షరాల పక్కన, కోపం అని తను రాసుకున్న చోటల్లా పెన్సిల్ గీతలు ఉన్నాయి.

"దీదీ, మరి జెట్టీ సీన్ నడుస్తుంటే నేనేం చెయ్యాలి? కోపం ఉండాలా, వద్దా?"

"వద్దు. నిలబడకు కూడా. పొయ్యి దగ్గర కూర్చో."

"బస్, కూర్చోవాలా? ఏం చెయ్యకుండానా?" పెన్సిల్‌తో ఏదో రాసుకుని, మళ్ళీ తలెత్తి అడిగింది. "పడవ హారన్ మీ ఇంటిదాకా వినబడేదా?"

నేను జవాబు చెప్పేలోపు పిన్ని అందుకుంది.

"ఇనపడకేం? అలమార్లో గిన్నెలదిరిపోవూ!"

ఆ గిన్నెల పక్కనే మా అమ్మ కూర్చుని ఉంటుంది.